ఆయన మెరక చేసిన దొడ్డి

మా వీధిలో పొద్దున్నే కళ్ళాపి చల్లేది ఇప్పుడు నేనొక్కదాన్నే. ముగ్గు కూడా వేస్తాను. తొక్కేవాళ్ళు లేక అది మర్నాటిదాకా అలాగే ఉంటుంది. ముగ్గు చెరగకపోతే ఇంత దిగులుగా ఉంటుందని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

నిడదవోలు నుంచి తణుకు వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది మా వీధి. మా ఇంటి వెనక దొడ్డిని ఒకప్పుడు మా మామగారు పాత బ్యాటరీలు కరిగించేవాళ్ళకి అద్దెకిచ్చారు. కొన్నేళ్ళకి వీధిలో బోరు నీళ్ళు తాగడానికి పనికిరావన్నారు. షెడ్డు మూయించారు గానీ, నేలలోకి దిగిన విషాన్ని ఎవరు మూయిస్తారు? ఒక్కో ఇంటికీ తాళం పడింది. అందరికంటే ఆఖరున ఎదురింటి వదిన తణుకు వెళ్ళిపోయింది. నా కూరగిన్నె ఆవిడ దగ్గరే ఉండిపోయింది. నేనూ అడగలేదు. ఆ వంకతోనైనా వస్తుందని ఆశ.

మన దొడ్డి వల్లే కదా వీధి ఖాళీ అయిందని మా వారు తల ఎత్తుకోలేకపోయారు. పాపం, ఆయనకి తోచిందే చేశారు. మా వైపు ఇల్లు కట్టాలన్నా, పందిరి వేయాలన్నా, నేలకి ఏ చిక్కొచ్చినా మందు ఒక్కటే, మట్టి పోసి మెరక చేయడం. వేసవిలో కాలవ పూడిక తీసినప్పుడల్లా ఆ మట్టి ట్రాక్టర్లతో తోలించి, దొడ్డంతా నడుమెత్తు పోయించారు. దాని మీద అరటి పిలకలు, కనకాంబరాలు వేశారు. పూలు కోసి నా చేతిలో పోస్తూ "చూశావా, మన నేల బాగుపడింది" అనేవారు. కిందిది కిందే ఉందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఆ మాట ఒకరితో ఒకరం అనుకోకుండానే ఆయన కన్నుమూశారు.

ఈమధ్య కొత్త చట్టం వచ్చిందని మా ఊరి సచివాలయంలో చెప్పారు. ఇలా విషంతో పాడైన స్థలాలు శుభ్రం చేసి మళ్ళీ ఇళ్ళకి పనికొచ్చేలా చేస్తే, ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తుందట. వీధికి మంచినీళ్ళ పైపు కూడా వేస్తారట. వెంటనే వదినకి ఫోన్ చేశాను.

"లిస్టులో పడితే చెప్పు వదినా, మర్నాడే వచ్చేస్తాం. ఇక్కడ పక్కింటివాళ్ళ మొహం కూడా తెలీదు" అంది.

ఆ రోజు నుంచి ఎదురింటి గుమ్మం ముందు కూడా కళ్ళాపి చల్లడం మొదలుపెట్టాను.

దరఖాస్తు పెడితే ఇంజనీరు వచ్చి పరీక్షకి దొడ్లో మట్టి తీసుకెళ్ళాడు. మళ్ళీ వచ్చినప్పుడు మొహం నిండా నవ్వు.

"మీ మట్టి బంగారం అండి. ఏ దోషమూ లేదు. మీ స్థలం ఈ చట్టం కిందకి రాదండి."

"అది మా వారు పైన పోయించిన మట్టి బాబూ. కింద తవ్వి చూడండి."

"పై మట్టే చూడమన్నారండి. అదంతా తీయించేస్తే మళ్ళీ వచ్చి చూస్తామండి."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఒళ్ళు మండింది. అంతలోనే ఏడుపొచ్చింది. మీ మట్టి బంగారం అన్న ఆ ఒక్క మాట కోసం ఆయన ఎన్ని వేసవులు ఎండలో నిలబడ్డారో! వినడానికి ఆయన లేరు, వినకూడని నేను విన్నాను.

వదినకి చెబితే "బాగుందంటే మంచిదే కదా" అంది.

"మంచిదే. నువ్వు రావడానికే మంచిది కాదు" అన్నాను.

కూలీలని మాట్లాడాను. వాళ్ళు వచ్చేలోపు కనకాంబరం మొక్కలు కుండీల్లోకి మార్చుకుని, మొదటి పార నేనే వేశాను. ఆయన చేసిన పనికి వంక పెడితేనే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు. "ఏంటే, నీకేమైనా మతిపోయిందా?" అని వెనకనుంచి ఒక్క కేక వినపడితే బాగుండునని పార పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

ఎవరూ కేకలెయ్యలేదు. రెండో పార వేశాను.