రాళ్ల మీద గాలి కొట్టిన శుక్రవారం

ఇప్పుడు ఒమాన్‌లో, వాడీ కబీర్ అనే పేటలోని మా గ్యారేజీకి వచ్చే బండ్లను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. రాళ్లెక్కే బండి కావాలంటే షోరూముకు వెళ్లి తాళం తెచ్చుకోవడమే. ఒక మీట నొక్కితే బండి పైకి లేస్తుంది, ఇంకో మీట నొక్కితే చక్రాలు తమ పని తామే చూసుకుంటాయి. పది పన్నెండేళ్ల కిందట అలా కాదు. ఒక్క బండి కొండ ఎక్కాలంటే దాని వెనక ఏడాది చాకిరీ, బోలెడన్ని తిట్లు ఉండేవి. ఆ తిట్లలో సగం నేను తిన్నవే.

మా అర్బాబ్, అంటే గ్యారేజీ యజమాని, ఒమానీ మనిషి. ఆయన తండ్రికి ఖబూరాలో ఖర్జూరం తోట. ఆ తోటలో గడ్డి మోసిన పాత పికప్పును అర్బాబ్ పట్టుకొచ్చి, దీన్ని రాళ్ల పందేనికి తయారుచేయమన్నాడు. మా పెద్ద మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనదీ నాదీ కడప జిల్లాయే. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా నన్ను తిట్టాలంటే మాత్రం ఆయనకు తెలుగే కావాలి. ఆ ఉస్తాద్ ఈ బండి పని మొత్తం నా చేతిలో పెట్టేశాడు.

ఇక నన్ను పట్టేవాళ్లెవరు? ప్రతి గురువారం డ్యూటీ అయ్యాక దాని కిందే పడుకునేవాణ్ణి. కమాను పట్టీలు మార్చి ఎత్తు పెంచాను. అడుగున మందపాటి ఇనుప రేకు బిగించాను. గేర్‌బాక్సును మూడుసార్లు దించి ఎక్కించాను. అదంతా చూసి చూసి అర్బాబ్ తండ్రికి విసుగొచ్చింది. వచ్చే శుక్రవారం బండి కొండ ఎక్కితే కొడుకుదేనట, ఎక్కకపోతే మర్నాటి నుంచి మళ్లీ గడ్డికేనట. నేను కన్నబిడ్డలా చూసుకున్న బండి గడ్డి మోయడమేమిటని నాకు ముసలాయన మీద పట్టరానంత కోపం వచ్చింది. ఆయన బండి ఆయనిష్టమని ఒక్కసారీ తోచలేదు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక ఖబూరా వెనక కొండల్లో ఎండిన వాగు దగ్గరికి చేరాం. ఎంత సందడి! ఇరవై దాకా బండ్లు, చాపలు పరుచుకున్న కుటుంబాలు, పెద్ద పళ్లేల్లో అన్నం, మాంసం. సోహార్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు కూడా వచ్చి ఒకటే ఈలలు. ఇసుక మీద పందెమైతే దూకుడు కావాలి గానీ, ఇది రాళ్ల మీద. మనిషెత్తు బండల మీదుగా నత్తలా పాకుతూ, ఆగకుండా పైకి చేరినవాడే మొనగాడు. ఒక్కో బండికి మూడు అవకాశాలు.

నేను రాళ్ల పందెం చూడటం అదే మొదలు. మా వంతు రాకముందు బండి చుట్టూ తిరిగి చూస్తే నాలుగు టైర్లూ మెత్తగా ఉన్నాయి. ఇసుకలోకి పోయేటప్పుడు గాలి తగ్గిస్తారని నాకు తెలుసు. ఇక్కడ ఇసుక లేదే! ఈ పదును రాళ్లకు మెత్తటి టైరు చిరిగిపోదూ? ఎవరో పనిలేనివాడు గాలి తీశాడనుకుని, వాణ్ణి మనసులో తిట్టుకుంటూ, వెంట తెచ్చిన గాలి మిషనుతో నాలుగింటికీ దిట్టంగా గాలి కొట్టాను. అడగకుండానే ఒక పని చేసిపెట్టానని మురిసిపోయాను కూడా.

మొదటిసారి అర్బాబ్ నడిపితే బండి రెండో బండరాయి దగ్గర జారింది. చక్రాలు గిర్రున తిరిగి పొగ వచ్చింది. రెండోసారీ అక్కడే. ఉస్తాద్ నావైపు తిరిగి, గేర్‌బాక్సుకు ఏం చేసి చచ్చావని మొదలుపెట్టాడు. అర్బాబ్ ముఖం వాడిపోయింది. చాప మీద కూర్చుని చూస్తున్న ముసలాయన లేచి, కాళ్లదాకా ఉన్న తన దిష్‌దాషా అంగీ దులుపుకున్నాడు. రేపటి గడ్డి మోత నా కళ్ల ముందు కనబడింది.

అప్పుడే పక్కన ఇంకో బండి ఎక్కుతోంది. దాని టైరు ఆ రాతి అంచు మీద మెత్తగా ఒరిగి, గోడెక్కే పిల్లవాడి అరికాలులా రాయిని పట్టుకుంది. గాలి తీసింది పనిలేనివాడు కాదు, రాయిని పట్టుకోవాలని అర్బాబే తీశాడు! కాసేపు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నోరు మూసుకుంటే తప్పు గేర్‌బాక్సు మీదికి పోతుంది, నేను బయటపడతాను. కానీ బండి గడ్డికి పోతుంది. అది నావల్ల కాలేదు.

"గేర్‌బాక్సు కాదు అన్నా," అన్నాను ఉస్తాద్‌తో. "నేనే గాలి కొట్టినా. మెత్తగుంటే రాళ్లు టైర్లు కోస్తాయనుకొంటి."

ఉస్తాద్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ సంగతి అర్బాబ్‌కు ఆయనే చెప్పాడు. అర్బాబ్ వంగి టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. పోరా అంటాడనుకున్నాను. ఆయన మాత్రం నవ్వాపుకోలేక అక్కడే రాయి మీద కూలబడ్డాడు. కొట్టినవాడివి నువ్వే తియ్యి, తీసి నా పక్కన ఎక్కు అన్నాడు.

నాలుగు టైర్లలోనూ గాలి తీసి అర్బాబ్ పక్కన ఎక్కాను. మూడోసారి బండి బయల్దేరింది. రెండో బండరాయి దగ్గర ముందు చక్రం ఆగింది, మెత్తగా ఒరిగింది, పట్టుకుంది. వెనక చక్రం కూడా వచ్చింది. ఇంజను మూలిగింది, మేము ఆకాశం వైపు తిరిగిపోయాం, ఆ తర్వాత బండి ఒక్క కుదుపుతో సమంగా నిలిచింది. పైకొచ్చేశాం. కింద సోహార్ వాళ్ల ఈలలతో కొండ మారుమోగింది. నేను ఏడుస్తున్నానని అర్బాబ్ నవ్వాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

ముసలాయన కర్ర ఊతంతో పక్క దారిన మెల్లగా పైకి వచ్చాడు. నాలుగు చక్రాలూ చూశాడు, బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత తలుపు తీసి కొడుకును దిగమని సైగ చేసి, తను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేనూ దిగబోతే భుజం పట్టి ఆపాడు. గేరు వేసి, కిటికీలోంచి కొడుకుతో, నాకూ అర్థం కావాలని కాబోలు, హిందీలో అన్నాడు.

"ఘాస్ కే లియే దూస్రీ గాడీ దేఖ్ లో."

గడ్డికి వేరే బండి చూసుకోమని.