అక్షింతలు పడిన ప్రింటర్

మొన్న మంగళవారం పొద్దున మా అత్తగారు పోయారు. ఆసుపత్రి నుంచి మావారి ఫోను వచ్చేసరికి నేను ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితంతో కుస్తీ పడుతున్నాను. విషయం విన్నాక కూడా దాన్ని అలా వదిలేయలేకపోయాను. స్విచ్ కట్టేసి, చిరగకుండా రెండు చేతులతో మెల్లగా బయటికి తీసి, పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చాను. అలా తియ్యాలని నాకు నేర్పింది ఆవిడే.

మార్టూరులో మా ఇంటి ముందుగదిలో నేను కంప్యూటర్ పెట్టుకున్నది తొంభైల చివర్లో. ఉత్తరాలు, అప్లికేషన్లు టైపు చేసి ప్రింటు తీసిచ్చేదాన్ని. చుట్టూ రాళ్లు పాలిష్ పట్టే యూనిట్లు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మిషను వారానికోసారి మొండికేసేది. నేను డిగ్రీ చదివాను, ఇంగ్లీషు వచ్చు; అయినా తెర మీద తెలియని మాట కనబడితే చాలు, కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మా అత్తగారిది ఐదో తరగతి చదువు. ఆవిడకి మాత్రం ఆ పెట్టె అంటే భయం లేదు, ఎంతసేపూ ఆరా.

నా పక్కనే పీట వేసుకుని, దీపారాధనకి ఒత్తులు చేసుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు తెర వెలగలేదు. నేను బిక్కమొహం వేశాను. "అమ్మాయ్, రోజూ స్విచ్చెయ్యగానే ఒక్కసారి కూసుద్ది. ఇవాళ మూడుసార్లు కూసింది, విన్నావా?" అన్నారు. నేను వినలేదు. చిలకలూరిపేట నుంచి వచ్చిన మెకానిక్ ఆ మాట విని, ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, లోపలి మెమొరీ కార్డు తీసి, దాని అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాడు. తెర వెలిగింది. "అంతేనా? దుమ్మేనా?" అంటూ ఆవిడ అతన్ని కాఫీ తాగనివ్వకుండా ప్రశ్నలేశారు. ఆ జబ్బుకి అతన్ని మళ్లీ పిలవలేదు. రబ్బరు ముక్క ఆవిడ బొడ్లోనే ఉండేది.

ప్రింటర్ పలక్కపోతే నేను బటన్ మీద బటన్ నొక్కేదాన్ని. తీరా కదిలాక ఒకే ఉత్తరం పది కాపీలు వచ్చేవి. "ఒకసారి పిలిచాక పలికిందాకా ఆగాలమ్మాయ్. ముందు తీగ ఊడిందేమో చూడు" అనేవారు. ఊడే ఉండేది! ఆవిడ పద్ధతి ఒకటే. నిన్న బాగుంది, ఇవాళ బాగాలేదు, మధ్యలో ఏం మారింది? ఒకేసారి రెండు కదిలిస్తే దేనివల్ల బాగయిందో ఎప్పటికీ తెలియదనేవారు.

ఒక ఏడు దసరా మర్నాడు అసలు చిక్కు వచ్చిపడింది. ఊళ్లో ఒక బడికి ప్రశ్నపత్రాలు సాయంత్రానికల్లా ఇస్తానని ఒప్పుకున్నాను. పెట్టిన కాగితం పెట్టినట్టే వంకరగా వెళ్లి నలిగిపోతోంది. హెడ్మాస్టరు గారు ఎదురుగా కూర్చుని గడియారం చూస్తున్నారు. మావారు గుమ్మంలో నిలబడి, "ముందే చెప్పానా? ఇది మనకి అచ్చిరాదు. అమ్మేసి ఈ గదిలో రాళ్ల శాంపిల్స్ పెట్టుకుందాం" అన్నారు. ఆ మాట అనడం అది మూడోసారి, ఈసారి ఉత్తుత్తి బెదిరింపు కాదని తెలిసిపోయింది. నా పని, నా కుర్చీ, బయట నా పేరున్న బోర్డు అన్నీ పోతున్నాయనిపించింది.

అత్తగారు ఒత్తులు పక్కన పెట్టారు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?"

"ఏం మార్లేదత్తయ్యా. నిన్న ఆయుధపూజ చేసి అట్టాగే వదిలేశాం. ముట్టుకోనేలేదు."

ఆవిడ లేచి ప్రింటర్‌లోకి తొంగిచూశారు. పూజ చేసింది ఆవిడే. రోకలికీ నాగలికీ చేసినట్టే ప్రింటర్‌కీ బొట్టు పెట్టి, బంతిపూలు పెట్టి, దోసెడు అక్షింతలు వేశారు. కాగితాలు పెట్టే అర పైకి నోరు తెరుచుకునే ఉంది.

"ప్లగ్గు పీకు. ఇంకు బుడ్లు తీసి పక్కన పెట్టు" అన్నారు. చేట తెచ్చి కింద పెట్టారు. ఇద్దరం ప్రింటర్‌ని బోర్లించి మెల్లగా తట్టాం. పసుపు గింజలు జలజలా రాలాయి, వాటితో పాటు రెండు బంతి రేకులు.

ఆవిడ ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎలా పడ్డాయని ఎవరూ అడగలేదు. చేట పట్టుకుని నేరుగా కొడుకు ముందుకెళ్లారు. "చూశావంట్రా? మిషను మంచిదే, పిల్లా మంచిదే. తప్పు నాది. అమ్మేద్దామని ఇంకోసారి అనమాక."

హెడ్మాస్టరు గారి ఎదుటే! కోడలి పక్షాన ఒక అత్తగారు తన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. ప్రశ్నపత్రాలు పొద్దు గూకకముందే వెళ్లాయి. మావారు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆవిడంటే అప్పటిదాకా నాకున్నది గౌరవం, ఆ రోజు నుంచి ప్రేమ.

మరుసటి దసరాకి ప్రింటర్ మీద గుడ్డ కప్పించి, అంచున చిన్న బొట్టు మాత్రం పెట్టారు. అక్షింతలు చేతిలోకి తీసుకుని కాసేపు దాని వంకే చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "పని చేసేది నువ్వు గదమ్మాయ్" అని నా నెత్తిన వేశారు. నాలుగు గింజలు జారి కీబోర్డు సందుల్లో పడ్డాయి. "అయ్యో, మళ్లీనా!" అంటూ ఆవిడ, నవ్వు ఆపుకోలేక నేను, చెరో పిన్నీసు పట్టుకుని వంగి ఒక్కో గింజా ఏరుకున్నాం.