రాజధాని పేరు

శ్రీకాకుళంలో విజయనగరం బస్సెక్కిన దగ్గర్నుంచీ ఫోన్లో స్నేహితుడితో వాదిస్తూనే ఉన్నాను. మేమాడే వీడియో గేములో ఒక రాజ్యాన్ని ఎంచుకుని ఊళ్లు కట్టాలి, యుద్ధాలు చెయ్యాలి. కొత్తగా ఏ రాజ్యాన్ని చేర్చాలన్నదే మా గొడవ. వాడు కళింగ అన్నాడు. "మనవైపు ఏముందిరా చూపించడానికి? రోమ్ పక్కన పెడితే నవ్వుతారు" అన్నాను, బస్సంతా వినేలా.

పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో వంగనారు కట్ట పెట్టుకుని, అంతా వింది. నేను ఫోన్ పెట్టేశాక అడిగింది.

"ఆ ఆటలో మనోల్లు నేరేటి బాబూ?"

"లేరండీ."

"పోన్లే. మరి నీది ఏవూరు?"

అంత గొప్పగా మాట్లాడాక మా పల్లె పేరు నోటికి రాలేదు. "విజయనగరం. కోట దగ్గరే" అన్నాను.

కాసేపటికి మా ఊరొచ్చింది. నాకంటే ముందు ఆవిడ లేచింది. చిన్నప్పుడే హాస్టల్‌కి పోయినవాణ్ణి, నన్నెలా గుర్తుపడుతుంది?

"ఇదే మా ఊరు. ఎండగున్నాది, దిగి మజ్జిగ తాగెల్దువు గాని, రా" అంది.

"ఇంకోసారి వస్తానండీ" అన్నాను.

బస్సు కదిలింది. మా వీధి వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. తర్వాతి స్టాపులో దిగి, ఆవిడ కంటపడకుండా పొలం గట్లమ్మట నడిచి ఇంటికి చేరాను.

ఆ ఆట ఇప్పటికీ ఆడతాను. ఏ రాజ్యం తీసుకున్నా రాజధానికి మా ఊరి పేరే పెడతాను. అక్కడ నన్ను ఏవూరని ఎవరూ అడగరు.