పత్యం లేదన్న మాట

బెంగళూరు శివార్లలోని చందాపురలో వాళ్ళ వీధిలో ఎవరింట పురుడు జరిగినా, ఎవరి కడుపు కోసి కుట్టినా పత్యం వండడానికి పాపక్కే పోవాలి. పొద్దున ఫ్యాక్టరీ పిల్లలకు మెస్సులో వంట, మధ్యాహ్నం ఎవరో ఒక రోగికి మిరియాల చారు, బీరకాయ కూర, కాల్చిన వెల్లుల్లి. నోరు కట్టుకోలేని వాళ్ళను ఆమె తిట్టే తిట్లు వీధి చివరికి వినబడేవి. "నాలిక కావల్లా, ప్రాణం కావల్లా? తేల్చుకో!" అనేది. పత్యం పెట్టారంటే మనిషి బతుకుతాడని. ఆమెకు తెలిసిన వైద్యమంతా అదే.

అందుకే, కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో, ఆస్పత్రులు మిగతా రోగాలన్నిటినీ ఫోన్లలోకి తోసేసిన రోజుల్లో, ఆమె డాక్టరును అడిగింది కూడా ఆ మాటే.

గొంతు కింద గడ్డ. నిమ్మకాయంత. లాక్‌డౌన్‌కు ముందే సూది గుచ్చి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పడానికి డాక్టరు వీడియోలో వచ్చాడు. కొడుకు హరీశ్ ఫోను పట్టుకున్నాడు. మొగుడు అశ్వత్థప్ప వెనకాల నిలబడ్డాడు. డాక్టరు ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. కళ్ళు కూడా సరిగా కనబడలేదు. థైరాయిడ్ క్యాన్సరేనన్నాడు. పాపిలరీ అనే రకమన్నాడు.

"పేరు గూడా నాదే పెట్టినారే," అంది పాపక్క. ఎవరూ నవ్వలేదు.

మెల్లగా పెరిగే రకం, ఇప్పుడు వార్డులో చేర్చుకుంటే కరోనా అంటుకునే ప్రమాదమే పెద్దది, కొన్ని నెలలు ఆగి ఆపరేషన్ చేద్దాం అన్నాడు. అంతా కన్నడంలో, గబగబా. పాపక్కకు తెలుగెంతో కన్నడమూ అంతే. కానీ క్యాన్సరన్న చోటే ఆమె చెవులు మూసుకుపోయాయి. చివర్లో తేరుకుని, "పత్యమేమి సార్?" అంది.

"పథ్య ఏనూ ఇల్లమ్మా. బేకాద్దు తిన్ని."

పత్యమేమీ లేదు, కావలసింది తినండి. అంతే, ఫోను ఆగిపోయింది. డాక్టరు ఇంకో రోగి దగ్గరికి పోయాడు.

అశ్వత్థప్ప తల్లి మంచం పట్టినప్పుడు కూడా ఒక డాక్టరు ఇదే చెప్పాడు. ఇంటికి పిల్చుకుపోండి, ఏమడిగితే అది పెట్టండి అని. ముసలామె ఒబ్బట్లు అడిగింది. పాపక్కే చేసింది. "నీకేమీ లేదత్తా, బాగయిపోతావు," అని నవ్వుతూ తినిపించింది. సగం ఒబ్బట్టు పళ్ళెంలో ఉండగానే ఆమె పోయింది. వాళ్ళ వీధిలో ఆ మాటకు వేరే అర్థం లేదు. అన్నేళ్ళ డాక్టరు చదువులో ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబోలు. చెప్పినా, వినే తీరిక ఎవరికుంది?

మరుసటి పొద్దున అశ్వత్థప్ప, లాక్‌డౌన్‌లో పది గంటలకే అంగళ్ళు మూసే వేళకు, పోలీసుల లాఠీలు తప్పించుకుంటూ వచ్చాడు. ఆమె ముందు కూర్చుని పొట్లం విప్పాడు. పాలకోవా.

"తినుమే."

"ఎవురికి తెచ్చినావు?"

"నీకే. ఇంగేమన్నా కావల్లా? మటన్ తెచ్చేదా?"

పెళ్ళయినప్పటి నుంచి, ఏం తింటావని ఒక్కనాడూ అడగని మనిషి. ఎప్పటిలా నాలుగు తిట్లు తిట్టి ఉంటే పాపక్కకు ధైర్యంగా ఉండేది. కోవా ఆమె చేతిలోనే కరిగి వేళ్ళకు అంటుకుంది.

ఆ రోజుల్లో హోసూరు రోడ్డు మీద అంబులెన్సుల కూత ఆగేది కాదు. ప్రతి కూతా తమ సందులోకే తిరుగుతుందేమోనని ఆమె చెవులు రిక్కించేది. గుటక వేస్తే గడ్డ పైకి లేచి కిందికి దిగేది. వేలు పెట్టి చూసుకునేది: నిన్నటికంటే పెరిగిందా? కొంగు మెడ చుట్టూ చుట్టుకుని కొళాయి దగ్గరికి పోయేది. అక్కడ ఆమె కాస్త దగ్గితే చాలు, బిందెలు వదిలేసి జనం దూరం జరిగేవాళ్ళు. వాళ్ళ భయం వాళ్ళది.

హరీశ్ కుందలహళ్ళి ఆఫీసులకు క్యాబు తోలేవాడు. బండి ఆగిపోయి ఇంట్లోనే ఫోను చదువుతూ పడి ఉన్నాడు. "అమ్మా, ఇది మంచి క్యాన్సరంట. నిదానంగా పెరుగుతాదంట," అన్నాడు.

"మంచిదా? అట్లయితే నువ్వు తెచ్చుకో రా."

వాడు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. ఒబ్బట్టు తినిపిస్తూ తాను నవ్విన నవ్వే.

ఇక ఆగలేక తనకు తానే పత్యం పెట్టుకుంది. ఉప్పు తగ్గించి, కారం మానేసి, చారన్నం. అశ్వత్థప్ప ఆమె పళ్ళెం చూసి మండిపడ్డాడు.

"ఇదేం తిండే? డాక్టరే ఏమైనా తినమన్యాడు గదా!"

"నేనేమన్నా మీయమ్మనా, ఏమడిగితే అది పెట్టి పంపించేకి?"

అతను తన పళ్ళెం కింద పెట్టేశాడు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అతని భుజాలు అదురుతుంటే, తన భయం ఒట్టిది కాదని ఆమెకు రూఢి అయిపోయింది.

వానలు మొదలయ్యాక ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, కానీ మెడ పక్కకు కూడా కొంచెం పాకిందట. మిగిలినదాన్ని చంపే అయోడిన్ మందు మింగి, దాని రేడియేషన్ తగ్గేదాకా కొన్ని రోజులు ఒంటరి గదిలో ఉండాలన్నారు. ఆమె గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. గుసగుసగా మాట్లాడేది. పాకింది అన్న ఒక్క మాటే లోపల తిరుగుతూ ఉంది. అడిగే ధైర్యం లేదు.

మందు గురించి చెప్పడానికి వచ్చిన నర్సు ఏంజెల్ ఆంధ్రా అమ్మాయి. మాస్కు వెనక నుంచే గదమాయించింది.

"ప్యాకెట్టు ఉప్పులో అయోడిన్ ఉంటుంది, ముట్టుకోకూడదమ్మా. మేం చెప్పిన ఉప్పే వాడాలి. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు అన్నీ బంద్. మందు వేసుకునేదాకా నోరు కట్టుకోవాలి. తిన్నారంటే మందు పనిచెయ్యదు, ముందే చెప్తున్నా!"

పాపక్క బెంచీ అంచు పట్టుకుంది. "ఏమంటివమ్మా? పత్యమా?"

"పత్యమే. గట్టి పత్యం. ఏంటమ్మా, ఏడుస్తున్నారు? కొన్నాళ్ళేగా!"

"ఇంగొక తూరి చెప్పుమ్మా. మా ఆయనకు గూడా వినబడేటట్ల చెప్పు."

ఏంజెల్ విసుక్కుంటూ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. అశ్వత్థప్ప నోరు తెరుచుకుని విన్నాడు. పాపక్క చేయి మెడ మీది కుట్టు దగ్గరే ఉంది. రెండో చేత్తో, అతని సంచిలోంచి బయటికి కనబడుతున్న కోవా పొట్లాన్ని లోపలికి తోసింది.

"నువ్వే తిను," అంది, ఉన్నంత గొంతుతో. "నాకు పత్యముండాది."