ఊపిరి దాకా పాకిన తిమ్మిరి

ఆ రోజు పొద్దున పత్తి చేలోంచి గట్టు మీదికి వచ్చేసరికి నా ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో నాకు తెలియనే లేదు. వెనకాల వస్తున్న మా అత్త దాన్ని పట్టుకొచ్చి, "చెప్పు ఇడిసి నడుస్తున్నవు, సోయి లేదా పిల్లా?" అంది. బురదలో ఇరుక్కుందేమో అనుకుని బోరు దగ్గర కాళ్లు కడుక్కున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో పాదానికి తెలియలేదు. అప్పుడు గుండె ఝల్లుమంది.

మాది వడ్డేపల్లి దగ్గర చిన్న ఊరు. నా పేరు భాగ్యమ్మ, ఇంటర్ దాకా చదివాను. నేను, నా భర్త శంకర్, మా అత్త కలిసి విత్తనం పత్తి సాగు చేస్తాం. ఆ పని తెలియని వాళ్ల కోసం ఒక మాట. మధ్యాహ్నం దాటాక ఆడ చేలోని మొగ్గలను బొటనవేలి గోటితో గిల్లి, లోపలి పుప్పొడి భాగం తీసేయాలి. మరునాడు పొద్దున మగ చేలోంచి పువ్వు తెచ్చి దానికి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఆ రోజు అద్దకపోతే ఆ పువ్వు దండగే. అందుకే క్రాసింగ్ నడిచే రోజుల్లో మా దగ్గర ఎవరికీ జబ్బు చేయదు. చేసినా ఒప్పుకోరు.

మరునాటికి చేతి వేళ్లకూ తిమ్మిరి వచ్చింది. పక్క సాలులో గిల్లుతున్న కూలీలను అడిగితే తమకూ అంతేనన్నారు. నిజమే, పొద్దస్తమానం గిల్లితే ఎవరి వేళ్లైనా మొద్దుబారతాయి. నాకు ధైర్యం వచ్చింది. కాళ్లతో ఎవరూ మొగ్గలు గిల్లరు కదా అన్న ఆలోచన మాత్రం రాలేదు. అంతకు కొన్నాళ్ల ముందు ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకుని తగ్గిపోయాయి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ తర్వాతి రోజు చేలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మోకాళ్లు నా మాట వినలేదు. నడుములో మాత్రం భరించలేనంత నొప్పి. శంకర్ నన్ను భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాడు. ఆటోలో గద్వాలకు తీసుకెళ్లారు.

దవాఖానలో అడుగు పెట్టగానే అడిగిన మొదటి మాట, "పురుగుల మందు తాగిందా?" పత్తి చేల నుంచి చేతులు వేలాడేసుకుని ఒక ఆడమనిషి వస్తే మా వైపు ముందుగా వచ్చే అనుమానం అదే. మా అత్త అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. నేను తాగలేదని చెబుతూనే ఉన్నాను, వాళ్లు నా నోరు వాసన చూస్తూనే ఉన్నారు. పడుచు డాక్టరు ఒకాయన వచ్చి చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. "రిఫ్లెక్సెస్ లేవు. ఇది పాయిజన్ కాదు, నరాల జబ్బు. ఇప్పుడే కర్నూలు పోయి న్యూరాలజిస్ట్‌కు చూపించండి" అన్నాడు.

జీపు మాట్లాడారు. అందులో కూర్చున్నాక మా అత్త ఇది పక్షవాతమని తేల్చేసింది. సరిహద్దు అవతల రాయచూరు వైపు ఒక ఊళ్లో పసరు పోసే మనిషి ఉన్నాడు. ఒంట్లో సూది పడితే ఆ పసరు పనిచేయదని మా వైపు గట్టి నమ్మకం. అందుకే పసరు ముందు, డాక్టరు తర్వాత అని ఆమె వాదన. శంకర్ తల్లి మాట కాదనలేక జీపును అటే తిప్పించాడు. దారిలో దాహమేసి నీళ్లు అడిగాను. నోట్లో పోసిన నీళ్లు గొంతు దిగక ముక్కులోంచి బయటికి వచ్చాయి. నాకు దగ్గు కూడా సరిగా రాలేదు. శంకర్ నన్ను చూసి డ్రైవరు భుజం పట్టుకుని, "కర్నూలుకే పోనీ, జర జల్ది పోనీ" అన్నాడు.

కర్నూలులో చూసింది ఒక డాక్టరమ్మ. అన్నీ ఓపికగా అడిగింది, విరేచనాల సంగతితో సహా. నర్వ్ కండక్షన్ టెస్ట్ అని చేతులకూ కాళ్లకూ చిన్న చిన్న కరెంటు షాకులు ఇచ్చారు. ముడుచుకుని పడుకోబెట్టి వెన్నులోంచి నీరు తీశారు. దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. జబ్బు పేరు గిలాన్ బారీ సిండ్రోమ్, వాళ్లు పొట్టిగా జీబీఎస్ అంటారు.

"మెదడు, వెన్నుపాము బాగున్నాయి. అక్కడి నుంచి బయటికి వచ్చి కాళ్లకూ చేతులకూ ముఖానికీ పోయే నరాల్లో ఉంది జబ్బు. విరేచనాల క్రిమి మీద పోరాడాల్సిన మీ ఇమ్యూనిటీ ఇప్పుడు ఆ నరాల పైపొరను కొడుతోంది. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలవి. అందుకే అక్కడ మొదలైంది" అని ఆమె వివరంగా చెప్పింది.

శంకర్, మన బోరు లెక్కన స్టార్టరు మంచిదే, మోటరు మంచిదే, నడుమ వైరు తొడుగు పోయిందన్నమాట అన్నాడు. డాక్టరమ్మ అవునంది. నేను అడగాల్సింది వేరే ఉంది. "ఇంకా పైకి పోతదా మేడం?"

"పోవచ్చు. ఊపిరి తీసే కండరాలకు పని చెప్పేదీ నరాలే. అందుకే మిమ్మల్ని ఐసీయూలో ఉంచుతున్నాం."

ఆ మాట తర్వాత నాకు వేరే ఆలోచన లేదు. ఐసీయూలో ఐవీఐజీ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పూట పూటకూ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో చూసేవారు. నేను నోరున్న మనిషిని, ఆపకుండా తిట్టగలనని ఊరంతటికీ తెలుసు. మొదట ముప్పై దాటాను. తర్వాత ఇరవై దాకా రాలేదు. ఆపైన పది దగ్గరే ఆగిపోయాను. నా చావు ఎంత దూరంలో ఉందో నా నోటితోనే చెప్పిస్తున్నారనిపించింది. చెమటలు పట్టేవి, గుండె ఒకసారి పరుగెత్తేది, ఒకసారి నెమ్మదించేది. గుండె, బీపీ, చెమట వంటి మనం చెప్పకుండా జరిగే పనులకు వేరే నరాలు ఉంటాయట. జబ్బు వాటినీ పట్టుకుంది. చివరికి అంకెలు నోట్లోనే ఉండిపోయాయి. మత్తు ఇచ్చి, నోట్లోంచి గొంతులోకి పైపు దింపి వెంటిలేటర్ పెట్టారు.

మత్తు తగ్గించాక తెలివి పూర్తిగా వచ్చింది. అదే నరకం. వేలు కదలదు, పెదవి కదలదు. దుప్పటి మడత కింద నలుగుతున్న కాలి నొప్పి మాత్రం నిక్షేపంగా తెలుస్తుంది. కదిలించే నరాలు వేరు, తెలియజేసే నరాలు వేరని అప్పుడు అర్థమైంది. రెప్పలు మూతపడక కళ్లు ఎండిపోతాయని ఆయింట్‌మెంట్ పూసి ప్లాస్టర్ వేసేవారు. చూసేవాళ్లకు నేను సోయి లేని మనిషిని. లోపల మాత్రం పైపు ఊడితే ఎలా అని ప్రతి క్షణం వణికేదాన్ని. కళ్లు కడిగేటప్పుడు ఒక సిస్టర్ నాకు పద్ధతి నేర్పింది. అవునంటే చూపు పైకి, కాదంటే పక్కకు. నాకు మిగిలిన మాటలు ఆ రెండే.

ఐవీఐజీ అయిపోయింది. నాలో మార్పేమీ కనబడలేదు, పైగా నిమోనియా వచ్చింది. ఒక మధ్యాహ్నం శంకర్, మా అత్త లోపలికి వచ్చారు. కళ్ల మీద ప్లాస్టర్ ఉంది. మా అత్త ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది.

"మీ నాయన దార్లనే పాణం ఇడిసిండు, ఇల్లు చేరలే. ఈ పిల్లనన్న ఇంటికి తీస్కపోదం కొడకా. మన గడపల పోతది."

శంకర్ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. వద్దు, నేనున్నాను అని లోపల అరిచాను. ఒక్క వెంట్రుక కూడా కదలలేదు. ఈ పైపు తీసి నన్ను జీపులో పడుకోబెడితే ఊరి దాకా కాదు, గేటు దాకా కూడా బతకను. ఆ భయానికి గుండె ఎంత జోరుగా కొట్టుకుందంటే మానిటర్ అలారం మోగింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి, మీరేం మాట్లాడుతున్నారని వాళ్లను అడిగింది. మా అత్త దాచకుండా చెప్పింది.

"ఆమెకు అన్నీ వినిపిస్తాయి. ఆమెనే అడగండి" అని సిస్టర్ ప్లాస్టర్ ఒలిచి, అవునుకూ కాదుకూ చూపు ఎటు తిప్పుతానో చెప్పింది.

శంకర్ నా మీదికి వంగాడు. గడ్డం మాసి ఉంది. "భాగ్యా, ఇంటికి పోదమా?"

చూపు పక్కకు తిప్పాను. చాలదేమోనని మళ్లీ తిప్పాను. అతను కూడా నమ్మలేక మాట మార్చి అడిగాడు. "ఈన్నే ఉందమా?" పైకి చూశాను, కనుగుడ్లు నొప్పి పుట్టేదాకా.

అతను తల్లి వైపు తిరిగి, "ఆమె వద్దంటుందమ్మా. ఇంక ఆ మాట ఎత్తకు" అన్నాడు.

తర్వాత అంతా నెమ్మది. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి ట్రాకియాస్టమీ పెట్టారు. ముందు భుజం కదిలింది, తర్వాత మెడ. వెంటిలేటర్ తీసేసిన రోజు ఊపిరి నేనే పీల్చుకుంటున్నానన్న నమ్మకం లేక నిద్రపోవడానికి భయపడ్డాను. ఇంటికి వచ్చాక నెలల తరబడి ఫిజియోథెరపీ నడిచింది. తొందరపడి ఒంటరిగా లేచి, పడి, మణికట్టు విరగ్గొట్టుకున్నాను. "నరం తన వేగంతోనే బాగవుతుంది, దాన్ని తరమకండి" అని డాక్టరమ్మ మందలించింది.

ఇప్పుడు నడుస్తున్నాను, వంట చేస్తున్నాను. నోరు పూర్తిగా తిరిగి వచ్చిందని శంకర్ అందరికీ చెబుతుంటాడు. బొటనవేలికి మునుపటి స్పర్శ లేదు కాబట్టి మొగ్గలు గిల్లడం మానేశాను. మళ్లీ రావడం అరుదని డాక్టరమ్మ చెప్పింది. అయినా కాలు కొంచెం తిమ్మిరెక్కినా మంచం మీద కూర్చుని, వినబడకుండా ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఆ భయం పోలేదు, పోతుందనీ అనుకోను.

మొన్న నా పాదాలకు నూనె రాస్తూ మా అత్త అడిగింది. "ఆ దినం నేనన్నది నీకు ఇనవడ్డదా బిడ్డా?" సిస్టర్ చెప్పిందంతా విన్న మనిషే, అయినా అడిగింది. "లేదత్తా, నిద్రల ఉంటి" అన్నాను. ఆమె నమ్మలేదు, కానీ ఇంకేమీ అడగలేదు. నేను చచ్చిపోవాలని ఆమె కోరుకోలేదు. మామ లాగా దారిలో పోకూడదని మాత్రమే అనుకుంది. ఆమెకు చదువు రాదు కాబట్టే ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాయగలిగాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. వెంటిలేటర్ మీద మీ మనిషి ఉంటే, ఆ మనిషి గురించి ఏదైనా తేల్చుకునే ముందు సిస్టర్‌ను పిలిచి కళ్ల మీది ప్లాస్టర్ తీయించండి. దగ్గరికి వంగి, ఆ మనిషినే అడగండి. జవాబు రావడానికి ఆలస్యమైతే, కాసేపు ఆగి మళ్లీ అడగండి.