ముఖం దాచుకున్న గంగులమ్మ

కార్వేటినగరంలో గంగులమ్మ పేరు చెబితే పిల్లలు మంచాల కింద దూరేవాళ్లు. బిడ్డకు ఏ జబ్బు చేసినా పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాత పెట్టేది. వాళ్ల పక్కిల్లే మాది; నా పొట్ట మీదా ఒకటుంది, మహాతల్లి చలువ!

ఆమె కూతురి బిడ్డ అక్కమ్మకు మూడేళ్లు. పెదవులు నేరేడుపండు రంగు. నాలుగడుగులు వేస్తే ఆయాసమొచ్చి గొంతుక్కూర్చునేది. "మొండిదానా, లెయ్యే!" అని గంగులమ్మ రెక్క పట్టుకుని లేపేది. చివరికి పిట్ట నీడ పడి పక్షిదోషం తగిలిందని తేల్చి కొమ్ము కాల్చింది.

వాత పడగానే బిడ్డ కెవ్వుమంది. ఏడ్చి ఏడ్చి నల్లబడి, చేతుల్లో వేలాడిపోయింది. రెండో ప్రపంచయుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు సరిగా తిరగడం లేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎద్దులబండిలో మిషన్ ఆసుపత్రికి వెళ్లాం.

"పుట్టుకతోనే గుండెలో చిల్లి ఉంది. మా దగ్గర మందు లేదు," అంది డాక్టరమ్మ. "ఏడవనీయకండి, ప్రాణానికే ముప్పు. ఆయాసమొస్తే మోకాళ్లు రొమ్ముకు ఆనించి పట్టుకోండి. కూర్చుంటే లేపకండి, అలా తనను తానే కాపాడుకుంటోంది."

గంగులమ్మ తన చేతులు చూసుకుంది.

అసలు భయం ఇంటికొచ్చాక మొదలైంది. అవ్వ కనబడితే చాలు, అక్కమ్మ పొట్ట పట్టుకుని ఏడుపు లంకించుకునేది. ఏడిస్తే నీలం తిరిగేది.

"నా మొగం సూస్తేనే సచ్చేటట్టుండాది గదమ్మే బిడ్డ! నేనింక యాడికి పోదును?" అని గంగులమ్మ నా దగ్గర గుండెలు బాదుకుంది. ఆ రోజే పశువుల కొట్టంలోకి మకాం మార్చింది. తడిక సందులోంచి మనవరాలిని చూసుకునేది. వాత పెట్టమని వచ్చిన వాళ్లను తిట్టి తరిమేది.

ఒక మధ్యాహ్నం కూతురు నీళ్లకు పోయింది. వాకిట్లో ఆడుకుంటున్న అక్కమ్మ ఉన్నట్టుండి గొంతుక్కూర్చుని, పక్కకు ఒరిగిపోయింది. మా గోడ మీదుగా చూసి నేను కేక పెట్టాను. గంగులమ్మ తడిక తోసుకొచ్చి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. దగ్గరికెళితే ఏడుస్తుంది. వెళ్లకపోతే ప్రాణం పోతుంది.

ముఖం నిండా కొంగు కప్పుకుని బిడ్డ వెనక చతికిలబడింది. వీపును తనకు ఆనించుకుని, మోకాళ్లు మడిచి రొమ్ముకు అదిమిపట్టింది. ఎంతసేపటికో బిడ్డ ముఖంలో నలుపు కాస్త తగ్గింది.

"అమ్మా," అంది అక్కమ్మ, కళ్లు తెరవకుండానే.

గొంతు గుర్తుపడుతుందని గంగులమ్మ ఊఁ అని కూడా అనలేదు. కూతురు బిందెతో వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. బిడ్డను అందించి, కొంగు తీయకుండానే కొట్టంలోకి వెళ్లిపోయింది.