నాస్తికుడి కూతురు

నా చిన్నప్పుడు, ఆంధ్ర సరిహద్దుకు ఇవతల ఉన్న మా మిట్టేమరిలో దేవుడు లేడని వీధిలో నిలబడి చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా తాతయ్య. గుడి ముందునుంచే పొలానికి పోయేవాడు కానీ తల తిప్పేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. జాతరకు చందా అడగవచ్చినవాళ్ళకు మజ్జిగ ఇప్పించి, చందా మాత్రం లేదని చెప్పి పంపేవాడు. బాగేపల్లిలో రైతుల మీటింగులకు పోయివచ్చే అలవాటు ఉన్నందున ఆ మాటలు అక్కడే నేర్చుకున్నాడని ఊరివాళ్ళు అనుకునేవాళ్ళు. అది నిజం కాదు. ఆయన దేవుణ్ణి వదిలేసింది మీటింగులో కాదు, మా ఇంటి పంచలో.

మా మేనత్తను నేను చూడలేదు. నేను పుట్టకముందే, పెళ్ళీడు పిల్లగా ఉన్నప్పుడు, చెనక్కాయ చేలో ఆమెను పాము కరిచింది. ఆ పొద్దు తాతయ్య చింతపండు మూటలు బండికెత్తుకుని చింతామణి సంతకు పోయున్నాడు. ఇంట్లో ఉన్నవాళ్ళు పిల్లను ఆస్పత్రికి తీసుకుపోలేదు. పంచలో పడుకోబెట్టి మంత్రం వేయించారు, తాయెత్తు కట్టించారు, గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ ముడుపులు కట్టారు. సాయంత్రం బండి ఇల్లు చేరేసరికి ఆమె ఒళ్ళు చల్లబడిపోయింది. తాతయ్య ఏడవలేదని చెప్తారు. దేవుడి గూట్లో ఉన్న పటాలన్నీ తీసి పెట్టెలో వేసి, తాను బతికుండగా అవి బయటికి రాకూడదన్నాడట. కూతురికి దినాలు చేయనివ్వలేదు, పిండం పెట్టనివ్వలేదు. ఇంట్లో ఆమె పేరు కూడా ఎత్తనివ్వలేదు. మా జేజి, అంటే మా నాయన తల్లి, ఆ ఒక్క విషయంలో ఆయన్ను ఎన్నడూ క్షమించలేదు.

దినాలు జరగని పిల్ల గాలిలో తిరుగుతుంటుందని ఊరు నమ్మింది. ఎవరి ఆవు చూడి నిలవక ఈసుకపోయినా, ఎవరి బావి ఎండినా, ముందు మా ఇంటివైపు చూసేవాళ్ళు. తాతయ్యకు అది తెలుసు. ఎదురుగా అన్నవాళ్ళతో పోట్లాడేవాడు. చాటుగా అన్నవాళ్ళను ఏం చేయగలడు?

మా పక్కింటికి కోడలుగా వచ్చిన అక్క నాకు జడలు వేసేది. రాగి రొట్టె మీద బెల్లంపొడి చల్లి చేతిలో పెట్టేది. తొలి కాన్పులో కొడుకు పుట్టి, కళ్ళు తెరిచి చూసి, పురుడు తీరకముందే పోయాడు. బాలింత ఏడిస్తే ఇంటికి కీడని వాళ్ళ అత్త ఆమెను ఏడవనివ్వలేదు. పచ్చి ఒంటితోనే కలుపుకు పంపింది. అక్క కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగింది. ఒకనాడు కలుపు మధ్యలో లేచి నిలబడి, కొంగు జారుతున్నా చూసుకోకుండా కేకలు పెట్టింది. మామను పేరు పెట్టి పిలిచి, నా బిడ్డను యాడ పెట్టినావని అడిగింది. కోడలు మామను పేరు పెట్టి పిలిచిందంటే అది ఆమె గొంతు కాదని చేలోనే తీర్మానం అయిపోయింది. ఎవరి గొంతు అనేది మాత్రం తేలాల్సి ఉంది. అది తేల్చడానికి ఆంధ్ర వైపునుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించారు.

నేను రెండిళ్ళ నడుమ గోడమీద కూర్చుని చూశాను. మిట్టమధ్యాహ్నం. అక్కను వాకిట్లో ముగ్గు నడుమ కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టారు. వాడి చేతిలో పచ్చి చింతబరికె. నువ్వెవరని అడిగాడు. అక్క తన పేరే చెప్పింది. అబద్ధమని కొట్టాడు. మళ్ళీ అడిగితే, పుట్టింటి ఊరి పేరుతో సహా చెప్పింది. మళ్ళీ కొట్టాడు. అంతలో జనంలోనుంచి ఎవరో మా మేనత్త పేరు గొణిగారు. అక్క ఆ పేరు విన్నది. ఆ పేరే చెప్పింది. ఊరంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది, పెద్ద పని ఒకటి తీరినట్టు. ఆ దెబ్బలకన్నా ఆ నిట్టూర్పు మీదనే నాకు ఈనాటికీ కోపం. అక్కడున్నవాళ్ళు దుర్మార్గులు కారు. మాకు పాలు పోసినవాళ్ళు, జ్వరమొస్తే గంజి కాచి తెచ్చినవాళ్ళు. వాళ్ళే కళ్ళప్పగించి చూస్తూ నిలబడ్డారు.

పేరు చెప్పాక దెబ్బలు ఆగుతాయనుకున్నాను. ఆగలేదు. ఇప్పుడు పొమ్మని కొట్టసాగాడు. నేను గోడ దూకి చేనికి పరుగెత్తాను. తాతయ్య నీళ్ళు మళ్ళించడానికి మడవ కడుతున్నాడు. నేను చెప్పింది సగం విని, పార అక్కడే పడేసి, మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు.

ఆయన్ను చూసి జనం దారి ఇచ్చారు. అందరి ముఖాల్లోనూ ఒక వేడుక. దెయ్యం లేదని ఈయన ఇప్పుడు ఉపన్యాసం మొదలుపెడతాడని, అదీ చూద్దామని. మంత్రగాడూ దానికే కాచుకుని ఉన్నాడు. దేవుడు లేడని ఊరూరా చెప్తావంట కదా, చూడు, దినాలు చేయకుండా వదిలేసిన నీ కూతురే వచ్చి కూర్చుంది, ఇప్పుడేమంటావని నవ్వుతూ అడిగాడు. ఆత్మ లేదంటే కళ్ళెదుట ఉన్నదాన్ని కాదన్నట్టు. ఉందంటే ఇన్నేళ్ళ మాటా మింగినట్టు. నాకు అప్పుడు అంత వివరంగా తెలియదు. తాతయ్య మెడ నరాలు ఉబ్బడం మాత్రం చూశాను.

ఆయన వాణ్ణి దాటుకున్నాడు. ముగ్గు తొక్కుకుంటూ పోయి అక్క ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత, నేను ఎన్నడూ వినని గొంతుతో అన్నాడు.

“వచ్చినావామ్మా?”

అక్క తల ఎత్తింది. “నాయనా, కొట్టొద్దని చెప్పు” అంది.

ఆ మాట అన్నది ఎవరని నన్ను అడగకండి. మావైపు పెద్దవాళ్ళను నాయనా అనడం మామూలే. కానీ తాతయ్య చెయ్యి ఆమె తల నిమిరింది, అది నేను చూశాను. లేచి నిలబడి ఆయన మంత్రగాడివైపు తిరిగాడు.

“నా కూతురని నువ్వే చెప్తివి. ఊరంతా విన్యారు. నా కూతుర్ని కొట్టేదానికి నువ్వెవరప్పా?”

వాడు ఏదో అనబోయాడు. తాతయ్య వాడి చేతిలో బరికె లాక్కున్నాడు. వాణ్ణి కొడతాడేమోనని నాకు ఆశ కలిగింది. నిజం చెప్పాలంటే కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన కొట్టలేదు. బరికె గోడ అవతలికి విసిరి, అక్క కట్లు విప్పాడు. అప్పుడు వాళ్ళ మామ అడ్డం వచ్చాడు. మా కోడలు మా ఇంట్లోనే ఉండాలి, నీతో ఎట్ల పంపుతానన్నాడు.

“మీ కోడలంటావా, కొట్టినోణ్ణి ఊరు దాటించు. నా కూతురంటావా, నాతో పంపించు. ఏదో ఒకటి చెప్పు. నేనీడనే ఉండా.”

ఆ పెద్దమనిషి పక్కకు తప్పుకుని దారి వదిలాడు. తాతయ్య తన భుజం మీది తువ్వాలు అక్కకు కప్పి, చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిపించుకొచ్చాడు. వెనక నేను. ఎవరూ మమ్మల్ని ఆపలేదు.

జేజి గడపలో నిలబడి చూసింది. ఏమీ అడగకుండా నీళ్ళు కాచింది, అక్కకు పోసింది, వాతలమీద నూనె రాసింది. రాస్తున్నప్పుడే ఆమెకు అసలు సంగతి తెలిసింది. బిడ్డ తాగని పాలు గడ్డకట్టి అక్క ఎదలు రాయిలా ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. ఇంతమంది చుట్టూ నిలబడి ఆత్మను చూశారే కానీ, జ్వరముందా అని ఒక్కరూ నుదుటిమీద చెయ్యి పెట్టలేదు. మరుసటి పొద్దున మొదటి బస్సులో తాతయ్య, జేజి ఆమెను చింతామణి ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ వీపు చూసి, ఎవరు కొట్టిందని తాతయ్యనే గట్టిగా కసిరిందట. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు తప్ప, నేను కాదని చెప్పుకోలేదు.

తిరిగి వచ్చాక అక్క మా ఇంట్లోనే ఉంది. జ్వరం తగ్గింది కానీ మనిషి వెంటనే మామూలు కాలేదు. పొద్దంతా ఏడ్చేది. ఏడవనీ, ఎవరూ పలకరించొద్దని జేజి మాకు చెప్పింది. అక్క భర్త మెత్తటి మనిషి, తండ్రిమాట దాటి ఎరగనివాడు. రోజూ వచ్చి మా గుమ్మం బయట నిలబడి పోయేవాడు. తాతయ్య ఆయన్ను లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

జేజి కోపం ఇంకోరకంగా బయటపడింది. ఇన్నేళ్ళు నా బిడ్డ పేరు ఇంట్లో ఎత్తనీలేదు, ఊరి ముందర మాత్రం వచ్చినావామ్మా అని పలకరిస్తివే అని ఒకనాడు చెనక్కాయలు ఒలుస్తూ అడిగేసింది. ఆయన లేచి బయటికి పోయాడు. సాయంత్రం వచ్చి, పెట్టె తాళం ఆమె చేతికిచ్చాడు. దేవుడి పటాలు మళ్ళీ గూట్లోకి వచ్చాయి. ఆయన మాత్రం వాటికి ఒక్కనాడూ దండం పెట్టలేదు.

బాగేపల్లినుంచి ఆయన మీటింగు స్నేహితులు కూడా వచ్చారు. వాళ్ళకూ కోపమే. నాస్తికుడివై ఉండి, చచ్చినామె ఆత్మ వచ్చిందని ఊరందరి ముందర ఒప్పుకుంటివి, మూఢనమ్మకాన్ని నువ్వే నిలబెడితివి, ఇంక మేమెట్ల మాట్లాడేది అని నిలదీశారు. ఎంతో చదువుకున్నవాళ్ళు. ఆ పిల్ల ఎట్లుందని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆమె లోపలి గదిలోనే ఉంది, వాళ్ళ మాటలన్నీ వింటూ. తాతయ్య వాళ్ళు కాఫీ తాగేదాకా ఓర్చుకున్నాడు. ఆ రోజు ఆయన అన్న మాటలు తలుపు వెనకనుంచి విన్నాను. నాకు గుర్తున్నంతవరకు ఇవి.

“దేవుడు లేడని చెప్పినా. ఇప్పుడూ చెప్తా. నా బిడ్డ లేదని ఎప్పుడు చెప్పినా? అది ఏమైపోయిందో నాకి తెల్దు. మీకి తెలుసునా? తెలిస్తే చెప్పండి, కూర్చుని వింటా. తెలీకపోతే తాగిన కాఫీ చాలు, లేవండి.”

వాళ్ళు లేచారు. కొందరు మళ్ళీ మా గడప తొక్కలేదు. గుడివాళ్ళు ఎప్పుడో వెలి వేసిన మనిషిని, ఇప్పుడు గుడి వద్దన్నవాళ్ళు కూడా వదిలేశారు. తర్వాత నేను ఆయన పక్కన చేరి, తాతా, నిజంగా అత్త వచ్చిందా అని అడిగాను. నాకు చివాట్లు పడతాయనుకున్నాను. ఆయన నా తలమీద చెయ్యి వేసి, చూసినప్పుడు అట్లనే అనిపించె, దెబ్బ తగిలింది మాత్రం ఎవరికో చూస్తివి కదా అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

కోతలయ్యాక అక్క భర్త ఒకరోజు గుమ్మం దాటి లోపలికే వచ్చాడు. వేరుకాపురం పెడతానని తాతయ్యకు చెప్పాడు. పెట్టాడు. అక్కకు ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. రెండు కాన్పులూ మా ఇంట్లోనే, పుట్టింట్లో జరిగినట్టే జరిగాయి. తాతయ్య పోయినప్పుడు పాడె పక్కన కూర్చుని, నాయనా అని ఏడ్చింది ఆమే. ఈసారి ఆమెను ఏడవొద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు నేను తాతయ్య అప్పటి వయసు దాటాను. చింతామణిలో ఉంటాను. పూజ చేస్తాను. నా మనవళ్ళలో ఒకడు దేవుడు లేడంటాడు, వాడికీ అన్నం పెడతాను. మొన్న బాగేపల్లి కల్యాణ మంటపంలో బంధువుల పెళ్ళికి పోతే, భోజనాల దగ్గర మగపిల్లలంతా పెద్ద వాదులాటలో ఉన్నారు. నాస్తికులు ఆత్మను నమ్మవచ్చా, నమ్మితే వాళ్ళు నాస్తికులేనా అని. ఒకడు ఇంగ్లిషులో చదివింది చెప్తాండాడు, ఇంకొకడు గీత చెప్తాండాడు. ఇదంతా ఎక్కడ మొదలైందంటే, గూళూరు వైపు ఏదో పల్లెలో ఆత్మ పట్టిందని ఒక ఆడపిల్లను కొడుతుంటే ఎవరో ఫోన్‌లో తీశారట. అది అందరి ఫోన్లకూ వచ్చిందట. నాకూ చూపించారు. జుట్టు పట్టుకుని ఈడుస్తున్నారు. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

నేను ఆ ఫోన్ మూసి, ఆ పిల్ల ఇప్పుడు యాడుండాదని అడిగాను. ఎవరికీ తెలియదు. అది అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఒకడు నవ్వి, అవ్వా, మేం మాట్లాడేది ఆ పిల్ల గురించి కాదు, సిద్ధాంతం గురించి అన్నాడు. పెళ్ళిపందిరని చూడకుండా వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ వీడియో ఎవరు పంపారో, వాళ్ళకు ఎవరు పంపారో వరసగా ఫోన్లు చేయించి, ఆ పిల్ల ఊరూ ఇల్లూ తెలిసేదాకా విస్తరి ముందు కూర్చోలేదు. మరుసటి పొద్దున వాళ్ళలో ఇద్దర్ని వెంటబెట్టుకుని, గూళూరు బస్సెక్కాను.

ఆత్మ ఉందా లేదా అనేది తాతయ్య నాకు చెప్పలేదు. తెలియదు కనుక చెప్పలేదు. ఎవరైనా ఆ వాదన తెస్తే, దెబ్బలు తిన్న మనిషి యాడుండాదని ముందు అడుగుతాను. ఆ మాట అడిగేటప్పుడు నా గొంతు ఈ వయసులో కూడా మెత్తగా రాదు. రానక్కర్లేదు.